మిగిలిన రెండు గుండీలు

మూతబడిన సినిమా హాలు వెనక గోడకు మధ్యాహ్నం నుంచి నీడ ఉంటుంది. పొద్దున ఉండదు. పొద్దున నీడ రోడ్డుకు అవతల, టైర్ల షాపు ముందు పడుతుంది. అందుకని సామాన్లు చేరవేసే బళ్ళవాళ్ళు పన్నెండింటి దాకా టైర్ల షాపు ముందు, ఆ తర్వాత గోడ పక్కన ఆగుతారు. నీడ జరిగినకొద్దీ బళ్ళూ జరుగుతాయి. ఎవరూ ఎవరికీ చెప్పరు. ఒక ఇంజను మోగితే మిగిలినవీ మోగుతాయి. నాలుగడుగులు కదిలి, ఆగి, మళ్ళీ ఊరుకుంటాయి.

ఫోను మోగేదాకా పని లేదు. మోగితే తీరిక లేదు. ఈ రెంటికీ మధ్య ఉన్న సమయం ఐదు నిమిషాలు కావచ్చు, గంటన్నర కావచ్చు. ఎంతసేపో ముందుగా తెలియని సమయాన్ని గడపడం ఒక విద్య. ఆ గోడ పక్కన ఎవరి విద్య వాళ్ళది.

ఒకాయన నిద్రపోతాడు. సీటు వెనక్కి వాల్చి, కాళ్ళు కిటికీలోంచి బయటికి చాపి, మొహం మీద తువ్వాలు కప్పుకుంటాడు. ఆయన్ని కునుకు అంటారు. అసలు పేరు ఆయన ఫోనుకూ ఆయన భార్యకూ తెలుసు. నిద్రలో ఏమడిగినా "ఊ" అంటాడు. ఆ ఊ నమ్మి చెడినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు.

ఇంకొకాయన మాస్టారు. ఒకప్పుడు పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పేవాడు. గోడ పక్కన సిమెంటు బల్ల మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, సీసా మూతలు పేర్చి ఆడతాడు. ఎదుటి మనిషి దొరక్కపోతే తనతో తనే ఆడుకుంటాడు. అప్పుడు ఓడినా మొహం మాడ్చుకుంటాడు.

కొత్తల్లుడు చేరి రెండు వారాలే. ముప్పై ఐదేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకొస్తాడు. బల్ల మీద రుమాలు పరిచిగాని కూర్చోడు. ఎవరైనా టీ ఇస్తే "అబ్బే, ఎందుకండీ" అని మూడుసార్లు అని, నాలుగోసారి పుచ్చుకుంటాడు. ఆ పేరు మొదటి రోజే స్థిరపడింది. బండి నడిపేటప్పుడు మటుకు ఎవరు చేసినా ఫోను ఎత్తడు. పెళ్ళాం చేసినా ఎత్తడు. దానికి మాస్టారు మెచ్చుకున్నాడు. మిగిలినవాళ్ళు నవ్వారు.

నాలుగో బండి ఆమెది. అందరూ వదినా అంటారు. ఎవరి అన్న భార్యో ఎవరూ అడగలేదు. కునుకు ఆమెకంటే పదేళ్ళు పెద్ద, అతనికీ వదినే.

వదిన విద్య కుట్టడం. మిషను మీద కాదు, చేత్తో. గుండీలు, హుక్కులు, కాజాలు, ప్యాంటు అంచులు. ఒళ్ళో గుడ్డ పరుచుకుని, ఫోను ఎదురుగా నిలబెట్టుకుని, వంచిన తల ఎత్తకుండా కుడుతుంది. ఫోను మోగితే సూది గుడ్డకే గుచ్చి, మడిచి, ఇంజను తిప్పుతుంది. అవతల సామాను దించి వచ్చి అదే సూది తీసి, ఆగిన చోట నుంచి మొదలుపెడుతుంది. చొక్కాకు ఏడు గుండీలైతే మూడు టైర్ల షాపు ముందు, నాలుగు గోడ పక్కన పడతాయి.

"వదినా, ఆ సూది ఒకసారి ఇలా ఇస్తావా, పంట్లో ఏదో ఇరుక్కుంది" అంటాడు కునుకు లేచినప్పుడు.

"నీ పంటికి సూది ఏం సరిపోతుందయ్యా. టైర్ల షాపులో గునపం ఉంటుంది, అడుగు."

ఆమె భర్త దర్జీ. వంతెన అవతల, మందుల షాపుకూ తాళంచెవులు చేసేవాడికీ మధ్య ఇరుకైన కొట్టు అతనిది. ఇరవై రెండేళ్ళుగా అందులోనే ఉన్నాడు. కిందటేడు బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడ్డాడు. మణికట్టు విరిగింది. రెండు నెలలకు కట్టు విప్పారు. ఎముక అతుక్కుంది, ఇక నీ ఇష్టం అన్నాడు డాక్టరు. కత్తెర పట్టుకుంటే చెయ్యి బాగానే ఉంది. మిషను దగ్గర బాగానే ఉంది. సూది పట్టుకుంటే మాత్రం వేళ్ళు వణికాయి. దారం కన్నంలోకి ఎక్కలేదు. ఒక సాయంత్రం పావుగంట ప్రయత్నించి, సూదిని దిండుకు గుచ్చి, షట్టరు దించి ఇంటికొచ్చాడు.

"నా చెయ్యి పోయింది" అన్నాడు.

"ఉంది కదండీ, కనబడుతూనే ఉంది" అంది ఆమె.

"సూది పట్టని చెయ్యి ఉంటే ఎంత, లేకపోతే ఎంత."

ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. సూదీ ముట్టుకోలేదు.

ఆమెకు బండి నడపడం వచ్చు. నీళ్ళ ట్యాంకరు నడిపే మేనమామ నేర్పాడు. "ఏమే కోడలా, నీకు క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలిసిననాడు నేను మీసం తీసేస్తా" అన్నాడు. పదిరోజుల్లో నేర్చుకుంది. మామ మీసం అలాగే ఉంచుకున్నాడు. షట్టరు దిగిన మూడోవారం ఆమె పాత వ్యాను ఒకటి అద్దెకు తీసుకుని సామాన్లు చేరవేసే కంపెనీలో చేరింది. ఇంట్లో కూర్చుంటే మనిషి గోడలతో మాట్లాడతాడని, చిన్న చిన్న పనులు పట్టుకొచ్చి దర్జీ ముందు పడేసి, షట్టరు మళ్ళీ ఎత్తించింది. కత్తిరించడం, మిషను కుట్టు అతను చేసేవాడు. సూదిపని ఆమె బండిలో పెట్టుకుని తిరిగేది. అలా ఒక సంవత్సరం.

హోటలు పని ఈ సంవత్సరంలో వచ్చిన మొదటి పెద్ద పని. ఇంకా వచ్చిందని అనడానికి లేదు, మచ్చుకు ఒక కోటు కుట్టమన్నారు. వంతెన దగ్గరి హోటల్లో తలుపు పట్టుకుని నిలబడే ఆయనకు. ముదురు నీలం రంగు, ముందు ఆరు గుండీలు. పాత యూనిఫారాలకు గుండీలు ఊడి పడుతున్నాయట. ఒకటి ఎవరో పెద్దమనిషి సూపులో పడిందట. అందుకని హోటలు మేనేజరమ్మ స్వయంగా వచ్చి చూస్తానంది. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు. నచ్చితే ముప్పై ఎనిమిది మంది బట్టలు. నచ్చకపోతే షట్టరు మళ్ళీ దించడమే. ఈసారి దించితే ఎత్తడని ఆమెకు తెలుసు. అతను పైకి అనలేదు. కొలతల టేపును ముందే చుట్టి పెట్టెలో పెట్టేశాడు.

శుక్రవారం పొద్దున దర్జీ కోటును మడిచి, ఏదో పాత కొరియర్ కవర్లో పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"గుండీ కింద దారం నాలుగు చుట్లు చుట్టు. నువ్వు రెండే చుడతావు. బట్టకు అతుక్కుపోయి ఉంటే కాజాలో పట్టక లాగుతారు, లాగితే ఊడుతుంది."

"నాలుగు చుడతా."

"నాలుగింటికల్లా తెచ్చెయ్."

"మూడున్నరకే తెస్తాను. మీరు గడియారం వంక చూడకండి."

మధ్యాహ్నం రెండున్నరకు ఆమె గోడ పక్కన నాలుగో గుండీ ముడి వేసింది. ఇంక రెండు మిగిలాయి. ఒక్కోటి పది నిమిషాలు. లెక్క సరిగ్గా ఉంది. అప్పుడు ఫోను మోగింది.

పక్క వీధి రంగుల షాపు నుంచి పెయింటు డబ్బాలు, అరమైలు దూరంలో కట్టే ఇంటికి. పోయి రావడం పాతిక నిమిషాలు. కాదనడానికి లేదు, ఆ వారం రెండుసార్లు కాదంది. కాని పెయింటు డబ్బాలు ఎప్పుడూ కారతాయి. ఆ బండిలో నీలం కోటు పెట్టడానికి మనసొప్పలేదు. సూది లోపలి గుడ్డకు గుచ్చి, రెండు గుండీలు కోటు జేబులో వేసి, కవర్లో పెట్టి, సిమెంటు బల్ల మీద ఉంచింది. మాస్టారు కనబడలేదు. టైర్ల షాపులో చేతులు కడుక్కుంటున్నాడు.

"కాస్త ఇది చూస్తుండు" అంది కునుకుతో.

"ఊ" అన్నాడు కునుకు, తువ్వాలు కింద నుంచి.

తొందరలో ఆ ఊ ఎలాంటిదో ఆమె ఆలోచించలేదు.

ఇక్కడ ఆ గోడ పద్ధతి ఒకటి చెప్పాలి. కంపెనీ ఎవరి బండిలో ఏ పొట్లం పడేస్తుందో వాళ్ళ దారితో సంబంధం ఉండదు. వంతెన ఇవతల తిరిగేవాడికి అవతలి పొట్లం రెండు ఇస్తుంది, అవతల తిరిగేవాడికి ఇవతలివి మూడు. అందుకని తన దారిలో లేనివి ఎవరికి వారు ఆ సిమెంటు బల్ల మీద పెడతారు. అటు పోయేవాడు అడక్కుండా తీసుకుపోతాడు. దాన్ని మార్పిడి అంటారు. ఆఫీసుకు తెలుసు, తెలియనట్టు ఉంటుంది. మార్పిడి బల్ల మీద ఉన్న పొట్లాన్ని ఎవరూ తెరిచి చూడరు, ఎవరిదని అడగరు. చిరునామా చూసి పట్టుకుపోవడమే.

వదినకు ఈ పద్ధతి సంవత్సరంగా తెలుసు. తెలిసి తెలిసి కోటును ఆ బల్ల మీదే పెట్టింది.

మూడూ ఐదుకు తిరిగొచ్చేసరికి బల్ల మీద సీసా మూతలు తప్ప ఏమీ లేవు.

ఆమె ముందు బల్ల కింద చూసింది. తర్వాత తన బండిలో చూసింది, అక్కడ పెట్టలేదని తెలిసి కూడా. తర్వాత కునుకు కాళ్ళు పట్టుకుని ఊపింది.

"ఇక్కడ కవరు పెట్టానే, ఏదీ?"

"ఊ."

"ఊ కాదు, లే! కవరేదీ?"

కునుకు తువ్వాలు తీసి, ఏదో తెలియని లోకం చూసినట్టు చూశాడు. "ఏం కవరు?"

మాస్టారు సుద్దముక్క దింపాడు. "బల్ల మీదవా? కొత్తల్లుడు పట్టుకుపోయాడు. వంతెన అవతలికి పోతున్నానండీ అని మొత్తం ఊడ్చుకుపోయాడు. ఒకటి స్కాన్ కావట్లేదండీ, పాత స్టిక్కరులా ఉందన్నాడు. కాకపోతే పేరూ చిరునామా చేత్తో రాసుకో, పొట్లం ఆపకు అన్నాను." ఆగాడు. ఆమె మొహం చూశాడు. "అందులో ఏముంది వదినా?"

"కోటు" అంది.

హోటలు కోటు సంగతి గోడ పక్కన అందరికీ తెలుసు. కునుకు కాళ్ళు లోపలికి తీసుకుని నిటారుగా కూర్చున్నాడు. అతను అలా కూర్చోవడం ఎవరూ చూడలేదు.

"కవరు మీద ఏ చిరునామా ఉంది?" అడిగాడు మాస్టారు.

ఆమెకు తెలియదు. చూడలేదు. వచ్చిన కవర్లన్నీ దాచి మళ్ళీ వాడే అలవాటు ఇంట్లో ఉంది, బండిలో ఉంది. అద్దెబండి సీటు కింద ఇరవై దాకా ఉంటాయి, ఎవరెవరివో. పొద్దున ఆయన ఏది తీశాడో దేవుడికెరుక. ముక్కూ మొహం తెలియని వాళ్ళెవరింటికో ఆ కోటు పోతోంది. వాళ్ళు ఎవరో పంపారనుకుని దాచుకుంటారు. అడిగితే మాకేమీ రాలేదంటారు. అన్నీ ఒక్కసారే తోచాయి ఆమెకు.

కొత్తల్లుడికి ఫోను చేసింది. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది.

"ఎత్తడు. బండి నడుపుతుంటాడు" అన్నాడు మాస్టారు.

"ఇస్త్రీ చొక్కా మొహంగాడు" అన్నాడు కునుకు.

"నువ్వు మాట్లాడకు" అంది ఆమె.

అప్పుడే ఆమె ఫోను మోగింది. తెర మీద భర్త పేరు. వేలు తెర దాకా వెళ్ళి ఆగింది. ఏం చెప్పాలి? గుండీలు అయ్యాయా అని అడుగుతాడు. అబద్ధం చెబితే గొంతు పట్టిస్తుంది. నిజం చెబితే, ఆ కొట్టులో ఒక్కడూ కూర్చుని వింటాడు. ఫోను మోగి మోగి ఊరుకుంది.

మాస్టారు బల్ల మీద గళ్ళు తుడిచేసి, సుద్దతో వంతెన గీశాడు. "చూడు వదినా. అందరం దగ్గర నుంచి దూరం పోతాం. ఇతను దూరం నుంచి దగ్గరికొస్తాడు. ముందు చివరికంటా పోయి, ఇంటిముఖం పట్టి ఒక్కోటీ ఇచ్చుకుంటూ వస్తాడు. నేనే అడిగాను ఎందుకయ్యా అని. తిరుగు ప్రయాణంలో మనసు తేలిగ్గా ఉంటుందండీ అన్నాడు. సరే. నేను బల్ల మీద పెట్టినవాటిలో ప్రింటింగ్ ప్రెస్సుది ఒకటుంది. వంతెన దిగగానే ప్రెస్సు. అంటే అది అతనికి ఆఖరుది. నువ్వు అతని వెంటబడకు. ఎక్కడని వెతుకుతావు? ప్రెస్సు గేటు దగ్గర ఆగు. అతనే వస్తాడు."

"అప్పటికి కోటు ఎవరికో ఇచ్చేసి ఉంటాడు."

"ఎవరికిచ్చాడో రాసుకుని ఉంటాడు. అతను రాసుకోకుండా ఉండడు."

అది నిజమే అనిపించింది. ఫోనులో పని ఆపేసినట్టు నొక్కి, బండెక్కింది. కునుకు కిటికీ దగ్గరికొచ్చాడు.

"వదినా, నేనూ రానా?"

"వచ్చి ఏం చేస్తావు?"

అతను ఆలోచించాడు. "మెలకువగా ఉంటా" అన్నాడు.

ఆ స్థితిలో కూడా ఆమెకు నవ్వొచ్చింది. రావద్దంది.

ప్రెస్సు గేటుకు పచ్చరంగు వేశారు, వేసినవాడు తాళానికి కూడా వేశాడు. గేటు కాపలామనిషి స్టూలు మీద కూర్చుని బొటనవేలికి చుట్టుకున్న రబ్బరుబ్యాండు లాగి వదులుతున్నాడు. ఇస్త్రీ చొక్కాతో కొరియరు మనిషి వచ్చాడా అని అడిగింది. రాలేదన్నాడు. ఎవరమ్మా, మీవారా అని అడిగాడు. కాదంది. మూడున్నర.

ఆమె బండిలో కూర్చుంది. లోపల మిషన్లు ఒకే తాళంలో మోగుతున్నాయి. కాయితాల వాసన. చేతులు ఒళ్ళోకి పోయాయి. ఒళ్ళో ఏమీ లేదు. కుడిచేతి వేళ్ళు వాటంతటవే ఒకదానికొకటి ఆనుకుని, లేని సూదిని పట్టుకున్నాయి. సంవత్సరంలో ఒక్కసారి కూడా ఖాళీ చేతులతో ఎదురుచూడలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. ఎదురుచూడడం ఇంత బరువని కూడా.

ఫోను మోగింది. భర్త. ఎత్తలేదు. రెండు నిమిషాలకు మళ్ళీ మోగింది. దాన్ని బోర్లించి పక్క సీటు మీద పెట్టింది. సీటు మీద అది పురుగులా గిలగిల కొట్టుకుంది. బండి నడిపేటప్పుడు ఫోను ఎత్తనివాణ్ణి చూసి నవ్విన మనిషి, ఆగిన బండిలో కూర్చుని ఫోను ఎత్తలేకపోయింది.

అతనికి ఏం చెప్పాలో కూడగట్టుకుంది. పోయిందండీ అని చెప్పాలి. నేనే పోగొట్టానని చెప్పాలి. మేనేజరమ్మను సోమవారం రమ్మందామని చెప్పాలి. అతను కోప్పడడు. అదే భయం. కోప్పడకుండా, సరేలే అంటాడు. ఆ సరేలే వినడం ఆమెకు ఇష్టం లేదు.

మూడూ యాభైకి కొత్తల్లుడి బండి మలుపు తిరిగింది. ఎవరూ లేని రోడ్డు మీద కూడా ఇండికేటరు వేసి మరీ తిరిగింది. ఆమె దిగి ఎదురుగా నిలబడింది.

అతను బండి పక్కకు తీసి, ఆపి, తాళం తీసి, అప్పుడు దిగాడు. "వదినగారూ! మీరేంటి ఇక్కడ? మీ ఫోను వచ్చింది, చూశాను. ఆపాక చేద్దామని..."

"కవరు. బల్ల మీద పెద్ద కవరు. మెత్తగా ఉంటుంది. స్కాన్ కానిది. ఎవరికిచ్చావు?"

"అదా! అది మొదటే ఇచ్చేశానండీ. అదే అందరికంటే దూరం." జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. పేజీ తిప్పాడు. వేలు పెట్టి వెతికాడు. ఆ వేలు నెమ్మదిగా కిందికి దిగుతుంటే ఆమెకు ఆ పుస్తకం లాక్కోవాలనిపించింది. "ఆ. మందుల షాపు పక్కన. టైలరు కొట్టండీ."

ఆమె ఆ పుస్తకంలోకి తొంగి చూసింది.

"ఆయన ఒక్కడే ఉన్నాడు. కవరు తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఇది నా కవరే, మొన్న లైనింగు గుడ్డ ఇందులోనే వచ్చింది, మళ్ళీ ఎలా వచ్చింది అన్నాడు. నాకేం తెలుసండీ, మీ చిరునామానే కదా అన్నాను. సంతకం పెట్టమంటే, నా సంతకం మీకు పనికిరాదు బాబూ, చెయ్యి వణుకుతుందన్నాడు. పెట్టండి పరవాలేదన్నాను. పెట్టాడు. పాపం, గ్లాసుతో మంచినీళ్ళు కూడా ఇచ్చాడు."

"ఎన్నిసార్లు వద్దన్నావు?"

"ఏంటండీ?"

"మంచినీళ్ళు. ఎన్నిసార్లు వద్దని పుచ్చుకున్నావు?"

"మూడు" అన్నాడు అతను, అర్థం కాక.

ఆమె బండి మెట్టు మీద కూలబడి నవ్వింది. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళు వచ్చాయి. కాపలామనిషి రబ్బరుబ్యాండు లాగి అలాగే పట్టుకుని చూస్తుండిపోయాడు. కోటు పోలేదు. ఎక్కడి నుంచి బయలుదేరిందో అక్కడికే, సంతకం పెట్టించుకుని మరీ చేరింది. లేచిపోయిన ప్రాణం తిరిగొచ్చి చోటు సర్దుకుని కూర్చుంది.

"ఆయన మా ఆయనయ్యా" అంది.

కొత్తల్లుడు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "అయ్యో, నేను కూర్చోకుండా వచ్చేశానే" అన్నాడు.

అప్పుడు ఆమెకు గుండీలు గుర్తొచ్చాయి. నాలుగే కుట్టింది. రెండు జేబులో ఉన్నాయి. నాలుగు కావస్తోంది. భర్తకు ఫోను చేసింది. మోగింది. ఈసారి అతను ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

వంతెన దిగిన దగ్గర నుంచి కొట్టుకు పది నిమిషాల దారి. ఆ రోజు రోడ్డు తవ్వారు. పక్క సందుల్లోంచి తిరిగి, ఒక చెత్త లారీ వెనక చాలాసేపు నిలబడి, నాలుగున్నరకు రెండు నిమిషాల ముందు చేరింది. మందుల షాపు ముందు హోటలు కారు ఆగి ఉంది. ముందే వచ్చేశారు.

కొట్టు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల ముగ్గురు మనుషులకు చోటు లేదు. తలుపు దగ్గర నిలబడే ఆయన అద్దం ముందు ఉన్నాడు. ఆరున్నర అడుగుల మనిషి, కప్పుకు తల తగలకుండా కాస్త వంగి నిలబడ్డాడు. ఒంటి మీద నీలం కోటు. భుజాల దగ్గర ముడత లేదు. మేనేజరమ్మ కళ్ళజోడు ముక్కు మీదికి దించి, వెనక నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూసింది. దర్జీ మిషను వెనక నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి జేబులో ఉంది.

గుమ్మంలోంచి ఆమె లెక్కపెట్టింది. ఆరు గుండీలు ఉన్నాయి.

"బాగుంది. కాని నాకు చూడ్డానికి బాగుంటే చాలదు" అంది మేనేజరమ్మ. మొదటి గుండీ పట్టుకుని లాగింది. ఊరికే తాకినట్టు కాదు, కలుపుమొక్క పీకినట్టు లాగింది. తలుపాయన ఒకడుగు ముందుకు వచ్చాడు. గుండీ రాలేదు. రెండోది లాగింది. మూడోది. నాలుగోది. వదినకు తన కుట్టు సంగతి తెలుసు, భయం లేదు. ఐదోది పట్టుకున్నప్పుడు దర్జీ జేబులో చెయ్యి కదిలింది.

ఐదోది నిలిచింది.

ఆరో గుండీని ఆవిడ రెండువేళ్ళతో మెలిపెట్టి లాగింది. తలుపాయన "అమ్మా, నేను పడిపోతాను" అన్నాడు. మేనేజరమ్మ వదిలేసి, కిందికి వంగి ఆ రెండు గుండీలనూ దగ్గరగా చూసింది.

"ఈ రెండూ కొంచెం ఎత్తుగా ఉన్నాయి. పట్టుకోవడానికి బాగున్నాయి. మిగతావాళ్ళవి అన్నీ ఇలాగే కుట్టండి" అంది. "సోమవారం పదింటికి కొలతలకు రండి. వంటింటివాళ్ళు ముందు, తర్వాత మిగతావాళ్ళు."

తలుపాయన కోటు విప్పనన్నాడు. అలాగే వేసుకుని కారెక్కాడు.

కారు పోయాక కొట్టు పెద్దదైనట్టు అనిపించింది. దర్జీ స్టూలు మీద కూర్చుని జేబులోంచి చెయ్యి తీశాడు. చూపుడువేలికీ బొటనవేలికీ మందుల షాపు ప్లాస్టర్లు చుట్టి ఉన్నాయి. మూడు.

"ఎన్నిసార్లు చేశాను, ఎత్తవేం?" అన్నాడు.

"మీరూ ఎత్తలేదు కదండీ."

"ఎలా ఎత్తను? ఒకచేత్తో గుండీ, ఒకచేత్తో సూది. వదిలితే మళ్ళీ పట్టగలనో లేదో. దారం ఎక్కించడానికే పావుగంట పట్టింది. మందుల షాపువాణ్ణి పిలుద్దామా అనుకున్నా, మానం పోతుందని ఊరుకున్నా. మొదట నీకు చేశాను, ఇదేమిటి ఇలా పంపావని అడుగుదామని. ఎత్తలేదు. అప్పుడు అర్థమైంది."

"ఏం అర్థమైంది?"

"కావాలనే రెండు వదిలావని. జేబులో గుండీలు పెట్టి, సూదిని లోపలి గుడ్డకు గుచ్చి, ఎవడో ఇస్త్రీ చొక్కావాడి చేత సంతకం కూడా పెట్టించావు. ఎత్తితే మాటలతో జారుకుంటానని ఫోనూ ఎత్తలేదు." అతను ప్లాస్టర్లు చూసుకున్నాడు. "చేసిందంతా చేసి గుమ్మంలో దొంగలా నిలబడ్డావు."

ఆమె మొత్తం చెప్పింది. పెయింటు డబ్బాలు, కునుకు ఊ, మార్పిడి బల్ల, మాస్టారి వంతెన, ప్రెస్సు గేటు. ఏదీ దాచలేదు. ఫోను బోర్లించిన సంగతి కూడా చెప్పింది.

దర్జీ ఓపిగ్గా విన్నాడు.

"చాల్లే, కథలు చెప్పకు" అన్నాడు.

"నిజమండీ! కావాలంటే అతన్ని అడగండి."

"అతనూ నీ మనిషేగా." అతను లేచి పెట్టె తెరిచి, చుట్టిపెట్టిన టేపు తీసి మెళ్ళో వేసుకున్నాడు. "గుండీలు ఇక నేను చూసుకుంటా. ఆవిడ చూశావుగా, నావే బాగున్నాయంది. నువ్వు రెండే చుడతావు."

మూడు చుట్టానని ఆమె అనబోయింది. అనలేదు. ఒళ్ళంతా తేలికైపోయి, వాదించే ఓపిక లేకపోయింది.

శనివారం గోడ పక్కన నాలుగు బళ్ళూ ఉన్నాయి. కునుకు రెండుసార్లు లేచి, "వదినా, ఏమన్నా చూస్తుండాలా?" అని అడిగి మళ్ళీ పడుకున్నాడు. కొత్తల్లుడు ఆదివారం వాళ్ళ కొట్టుకు వచ్చి సరిగ్గా కూర్చుని పోతానన్నాడు. మాస్టారు ఆటకు పిలిచాడు. ఆమె రెండాటలు ఓడింది. ఆయన జాలిపడి ఇంక పిలవలేదు.

ఫోను మోగలేదు. చేతులు ఖాళీగా ఉన్నాయి. కాసేపు అద్దం తుడిచింది. కాసేపు సీటు కింది కవర్లన్నీ తీసి, స్టిక్కర్లు గోటితో గీకి పారేసింది. తర్వాత ఫోను తీసుకుని అక్కకు చేసింది. ఏడాదిగా అక్క చేస్తేనే తప్ప తను చేసింది లేదు, చేసినా రెండు మాటలు.

"ఏమే, ఏమైంది?" అంది అక్క, ఎత్తగానే, కంగారుగా.

"ఏమీ కాలేదు."

"ఆయన బాగున్నాడా? చెయ్యి ఎలా ఉంది?"

"బాగుంది."

"నిజం చెప్పు. ఏమీ కాకపోతే ఈ వేళప్పుడు ఎందుకు చేశావ్?"

"ఏమీ కాలేదని చెబుదామని."

అటువైపు కుర్చీ లాక్కున్న శబ్దం వినబడింది. అక్క కూర్చుంది.

"సరే, అయితే చెప్పు" అంది.

ఆమె సీటు కొంచెం వెనక్కి వాల్చి, పెయింటు డబ్బాల దగ్గర నుంచి మొదలుపెట్టింది.